పలకని కడ్డీ

1957లో అల్లూరు రెడ్డిగారింటి పెళ్ళికి ఏడు పెద్ద గుండిగలకు తానొక్కతే కళాయి పూసి, పొద్దు వాలేలోగా వంటవాళ్ళ ముందు బోర్లించింది మన బిట్రగుంట సుల్తాన్‌బీ. ఈ తీరం పొడుగునా తగరం కడ్డీ చేతబట్టిన మొదటి ఆడమనిషి ఆమే. మన ఊళ్ళో పుట్టి ఇంజను డ్రైవర్లయినవాళ్ళ పేర్లు, నెల్లూరులో ప్లీడర్లయినవాళ్ళ పేర్లు అందరూ గడగడా చెబుతారు. ఆ వరసలో ఈ పేరు చెప్పేవాళ్ళు లేరు. అందుకే చెప్పవలసి వస్తున్నది.

రైలు కాలనీ వెనక, ఇంజన్ల బొగ్గునుసి గుట్టలుగా పడే చోట, అయిదిళ్ళ కళాయి సాయిబులున్నారు. అయిదిళ్ళకూ అయిదు గూడుబండ్లు. ఊరూరా తిరిగి రాగి, ఇత్తడి పాత్రలకు లోపల తెల్లగా తగరం పూయడం వాళ్ళ పని. కళాయి లేని పాత్రలో చింతపండు చారు కాస్తే చిలుమెక్కి విషమవుతుంది కనుక, వీళ్ళు రానిదే ఊళ్ళకు జరగదు. ఆ పనిలో ఆడవాళ్ళ పాలు కాళ్ళకూ చేతులకూ వచ్చింది. గుండిగలో దిగి, ఇసుక, చింతపండు వేసి, నడుము తిప్పుతూ అరికాళ్ళతో తోమాలి. తర్వాత కొలిమి దగ్గర కూర్చుని తిత్తి ఊదాలి. కాలిన పాత్రలో నవాసాగరం పొడి చల్లి, పొగ లేస్తుండగా కడ్డీ రాసి, దూదితో తిప్పి మెరుగు తేవడం మాత్రం మగవాడి పని. కొత్త కోడలుగా వచ్చిన ఏడాది సుల్తాన్‌బీ కిందపడిన కడ్డీని తీసి ఇవ్వబోతే, అత్త తిత్తి కర్రతో మణికట్టు మీద కొట్టింది.

అల్లూరులో ఆ రోజు, మూడో గుండిగను నీళ్ళ తొట్టిలో ముంచుతుండగా ఆవిరి ఎగదన్ని, ఆమె మొగుడు అల్లాబక్షు కుడిచెయ్యి బొబ్బలెక్కిపోయింది. అతని అన్న, అయిదు బండ్లకూ పెద్ద అయిన పీర్ సాహెబ్ వచ్చి చూసి, "కొలిమి ఆపేయండి. రేపు నేనొచ్చి పూస్తాను" అన్నాడు.

"రేపు పెళ్ళి, బావగారూ. రేపు మీరు వచ్చేసరికి వాళ్ళు చేతులు కడుక్కోనుంటారు" అన్నది సుల్తాన్‌బీ. కొంగు నడుముకు బిగించి కడ్డీ అందుకున్నది. పూసిన మూడింటిని కూడా వదలకుండా, ఏడూ మొదటినుంచీ తన చేత్తోనే పూసింది. పెళ్ళికూతురి తండ్రి కేకలేస్తూ వచ్చినవాడు, గుండిగలో తన ముఖం చూసుకుని మీసం సర్దుకుని పోయినాడు.

అల్లాబక్షు చెయ్యి మానడానికి రెండు నెలలు పట్టింది. మానిన రోజే అడిగినాడు.

"కడ్డీ ఇటియ్యి."

"చెయ్యి మూసి చూపించు."

వేళ్ళు సగం దాకా వంగి ఆగిపోయినాయి. అతను ఎంత బలవంతం చేసినా అంతకు మించి వంగలేదు. సుల్తాన్‌బీ తిత్తి అతని వైపు జరిపింది. ఆ జరపడాన్ని అతను ఈనాటికీ క్షమించలేదు. అప్పటినుంచి వాళ్ళిద్దరి మధ్యా మాటలన్నీ పోట్లాటలే. కాలనీలో అతనికి 'తిత్తి సాయిబు' అని పేరు పడింది. ఆ పేరు పెట్టింది సొంత అన్నేనని అందరికీ తెలుసు. అతనికీ తెలుసు.

ఆమె మాత్రం ఆగలేదు. 1958లో కావలిలో ఒక సత్రం పాత్రలన్నీ పూసింది. 1959లో కృష్ణపట్నం పడవల వాళ్ళ రాగి నీళ్ళ బానలు పూసింది. 1960లో ఎద్దు కాలు విరిగితే కాడి కింద తానే భుజం పెట్టి, సరుగుడు తోపుల ఇసుకలో బండి బయటికి లాగింది. 1961లో మద్రాసులో జరిగింది వీటన్నిటికంటె గొప్పది. అక్కడ మింటు వీధి దగ్గర ఆదెన్నశెట్టి అని, పెళ్ళిళ్ళకు వంటపాత్రలు బాడుగకిచ్చే నెల్లూరు ఆయన ఉన్నాడు. అయిదు బండ్లకూ ఏడాది తిండి పెట్టేది ఆయన దొడ్డి. కళాయి అయిపోయినాక శెట్టి ఒక గుండిగ మీద చెయ్యి వేసి, "ఇది ఎవరు పూసినార్రా? వచ్చే ఏడు అన్నీ ఆ చెయ్యే పూయాల" అన్నాడు. అది సుల్తాన్‌బీ పూసింది. పీర్ సాహెబ్ ఆ సంగతి చెప్పకుండా నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు తర్వాత ఏడాదంతా ఆయన కడుపులో మండింది.

1962 రంజాను ముందు రోజు ఆ మంట బయటపడింది.

ఆ రోజు కడ్డీలు పోసే రోజు. బండ్లు ఏడాదికి రెండుసార్లు కదులుతాయి. రంజాను తర్వాత ఒకసారి, బక్రీదు తర్వాత ఒకసారి. పండగ ముందు రోజు బండ్ల పెద్ద అందరి తగరమూ మూసలో కరిగించి, ఇళ్ళ ముందు గుంటలో పరిచిన తడి ఇసుకలో గీసిన గాడుల్లో పోసి, కడ్డీలు చేసి పంచుతాడు. ఇక్కడ ఒక కట్టుబాటు ఉంది. మంచి తగరం కడ్డీని చెవి దగ్గర పెట్టి వంచితే లోపల కిర్రుమని పలుకుతుంది. సీసం కలిస్తే పలకదు. అంగట్లో కొనేటప్పుడు ఎవరైనా వంచి చూస్తారు. పెద్ద చేతినుంచి తీసుకున్న కడ్డీని మాత్రం వంచకూడదు. వంచితే ఆయన్ను దొంగవా అని అడిగినట్టే.

పీర్ సాహెబ్ కడ్డీలు పంచుతూ, తమ్ముడి వంతు రాగానే ఆగినాడు.

"ఆడదాని చేతిలో కడ్డీ ఉన్నన్నాళ్ళు నీ బండి మా బండ్ల వెంట రాదు. విడిగా పోండి. నేను మాత్రం ధర్మం తప్పను. మీ వంతు కడ్డీలు ఇవిగో."

అల్లాబక్షు తల దించుకుని నిలబడినాడు. సుల్తాన్‌బీ ముందుకొచ్చి కొంగు పట్టింది.

"మద్రాసు దొడ్డికి గూడా విడిగానే వస్తాం బావగారూ. శెట్టి ఏ చెయ్యి కావాలన్నాడో మీకూ తెలుసు."

"నువ్వు రాగలిగితే గదా" అన్నాడు పీర్ సాహెబ్.

కడ్డీలు ఆమె కొంగులో పడినాయి. ఆమె వంచి చూడలేదు. కోపమెంత ఉన్నా కట్టుబాటు కట్టుబాటే అనుకున్నది. ఆ ప్రయాణంలో ఆమె చేసిన తప్పు అదొక్కటే.

నాలుగు బండ్లూ ముందు పోయినాయి. అయిదోది రెండు రోజులు వెనక బయలుదేరింది. గూటిలో తిత్తి, బొగ్గు బస్తా, చాప, చట్టి. ముందు అల్లాబక్షు, వెనక కాళ్ళు వేలాడేసుకుని సుల్తాన్‌బీ. కాలవ గట్టున బండి పోతుంటే ఒకరి ముఖం ఒకరికి కనబడకుండా కూర్చోవడం వాళ్ళకు బాగా అలవాటు.

మొదటి మజిలీ ఇసకపల్లి. ఉప్పు మళ్ళ ఊరు. అక్కడి నీళ్ళకు పాత్రలు తొందరగా చెడిపోతాయి కనుక ఏటా బండి కనబడగానే ఆడవాళ్ళు ఎదురొచ్చేవాళ్ళు. ఈసారి తలుపులు మూసుకున్నారు. బావి దగ్గర మాలకొండమ్మ అనే పెద్దామె చేద వదలకుండానే అరిచింది.

"మీ బావ మొన్ననే చెప్పి పోయినాడు లేమ్మా. వెనక ఆడదాని బండి వస్తాది, పాత్రలు పాడుచేసుకోవద్దండి అన్నాడు."

"అయిదేండ్ల నుంచి నీ బిందె పూసింది ఎవురనుకున్నావు? మా బావనా?"

"మీ ఆయన అనుకున్నా."

"మా ఆయనకు వేళ్ళే వంగవు."

అల్లాబక్షు కాడి దగ్గర నుంచి, "సంబరంగా ఉండాదా, ఊరంతా చాటడం?" అన్నాడు.

చివరికి మాలకొండమ్మ తన ఇత్తడి చారుచట్టి, ఇంకో ఇద్దరు ముగ్గురు తలా ఒక గిన్నె బయటపెట్టినారు. ఇవ్వడం కూడా చేతికివ్వలేదు. నేల మీద పెట్టి, కాలితో తోసినారు. సుల్తాన్‌బీ పూసిచ్చింది. తగరం ఎందుకో కొంచెం బరువుగా పారినట్టు అనిపించింది. ఉప్పుగాలికేమో అనుకున్నది.

రెండో మజిలీ మైపాడు. అక్కడ దొరల మిషన్ బడి పక్కన ఎస్తేరమ్మ అని ఒకామె, పంతులుగారి భార్య, తన దొడ్లో కొలిమి పెట్టుకోనిచ్చేది. మంచి మనిషే గాని నోరు పెద్దది. ఈసారి తన బోసిగిన్నె, బడి పిల్లల అన్నం గుండిగ ఇచ్చింది. మర్నాడు పొద్దున ఆ గిన్నె, ఒక తెల్లగుడ్డ పట్టుకుని బండి దగ్గరికి వచ్చింది.

"ఇదేంది సుల్తాన్‌బీ?"

గుడ్డ మీద నల్లగా మసి.

"నువ్వే తుడువు. నేను తుడిస్తే అబద్ధమంటావు."

సుల్తాన్‌బీ కొంగుతో గిన్నె లోపల రుద్దింది. కొంగు నల్లబడింది. మంచి కళాయిని ఎంత రుద్దినా గుడ్డకు రంగంటదు. నల్లగా అంటిందంటే సీసమే.

"పిల్లలు తినే గుండిగ గదమ్మా! నేను నిన్ను నమ్మి ఇస్తే, సీసం పూస్తావా? దేవుడికి భయపడవా? మీ దేవుడికైనా, మా దేవుడికైనా!" ఎస్తేరమ్మ కంఠానికి దొడ్డి గోడవతల జనం చేరినారు. "దొంగ కళాయి, దొంగ కళాయి" అని ఎవరో అరిచినారు. ఒక మట్టిబెడ్డ వచ్చి బండి గూటికి తగిలింది. ఒక ఎద్దు బెదిరి పలుపు తెంచుకోబోయింది.

సుల్తాన్‌బీ బండిలోంచి మూట దించింది. మూటలోంచి కొత్త కడ్డీ తీసింది. చెవి దగ్గర పెట్టి వంచింది. కడ్డీ మెత్తగా వంగింది. ఏమీ పలకలేదు. ఇంకోటి తీసింది. అదీ అంతే. మూటలో ఉన్నవన్నీ ఒక్కొక్కటే వంచి నేల మీద పడేసింది. ఒక్కటి కూడా నోరు విప్పలేదు.

తల ఎత్తి మొగుడి వైపు చూసింది. అతను ఎద్దు మెడ నిమురుతూ సముద్రం వైపు చూస్తున్నాడు. ఆ చూపులోనే ఆమెకు తెలిసిపోయింది.

"నీకు తెలుసు."

అతను పలుపు ముడి బిగించినాడు.

"ఏమయ్యా, నిన్నే. నీకు తెలుసునా, తెలీదా?"

"తెలుసు."

"ఎప్పుడు?"

"ఇంటికి తెచ్చిన రోజే. నువ్వు నీళ్ళకు పోయినప్పుడు వంచి చూసినా."

"చూసి?"

"నోరు మూసుకున్నా." అతను ఇటు తిరిగినాడు. "రెండూళ్ళలో చీవాట్లు తింటే నువ్వే కడ్డీ వదిలేస్తావనుకున్నా. అయిదేండ్లుగా నేను తినడంలా?"

"నన్ను తిట్టిస్తే తిట్టించు. పిలకాయలు తినే గుండిగకు సీసం పూయించినావు గదరా!"

మొగుణ్ణి 'రా' అనడం ఎస్తేరమ్మతో సహా అందరూ విన్నారు. గోడవతల ఒక్కసారి నవ్వులు లేచినాయి. అల్లాబక్షు చర్నాకోల ఎత్తినాడు. ఆమె కదలకుండా నిలబడింది. అతను దాన్ని విసిరి ఇసుకలో పారేసి, బండి కింద పోయి పడుకున్నాడు.

సుల్తాన్‌బీ ఎస్తేరమ్మ ముందుకు పోయి నిలబడింది.

"గుండిగలో ఏమీ వండొద్దమ్మా. గిన్నె గూడా ముట్టుకోవద్దు. నెల్లూరు పోయి తగరం తెస్తా. గీకి పారేసి మళ్ళీ పూస్తా."

"పారిపోతావు."

"బండి, ఎద్దులు, మొగుడు ఈడనే ఉంటారు. ఎద్దులనన్నా కనిపెట్టుకో."

ఆమె కాళ్ళ కడియాలు ఒకప్పుడు పుట్టింటివాళ్ళు పెట్టినవి. గుండిగలో దిగినప్పుడల్లా విప్పి పక్కన పెట్టవలసి వచ్చేది. వాటిని నెల్లూరులో ఒక అంగడిలో ఇచ్చి, తగరం దిమ్మ తీసుకున్నది. అంగడివాడి ముందు దాని అంచు వంచింది. పలికింది. వాడు నొచ్చుకున్నాడు. "ఇంకోసారి వంచుతా ఉండు" అని మళ్ళీ వంచి విన్నది.

మైపాడులో ఆమె స్వయంగా ఇసుక తడిపి, గాడులు గీసి, కడ్డీలు పోసుకున్నది. ఆ పని కూడా ఆడమనిషి చేయగా ఎవరూ చూడలేదు. గిన్నె, గుండిగ గీకి, మళ్ళీ పూసింది. తిత్తి ఎవరు ఊదినారంటే, అల్లాబక్షే. ఊదనని అన్నాడు. అయితే నేనే ఊది, నేనే పూస్తాను, జనం చూస్తారు అన్నది ఆమె. ఆ అవమానం కంటె ఊదడమే నయమనుకుని కూర్చున్నాడు. ఎస్తేరమ్మ తెల్లగుడ్డ పెట్టి తుడిచింది. ఆ గుడ్డ తెల్లగానే వచ్చింది. సరేనని తల ఊపింది గాని మంచి మాట ఒకటైనా అనలేదు.

అక్కడినుంచి దక్షిణంగా తిరిగితే మద్రాసు దారి. సుల్తాన్‌బీ బండిని ఉత్తరానికి తిప్పమన్నది.

"ఇసకపల్లికా? మళ్ళీ?" అన్నాడు అల్లాబక్షు. "అన్న అప్పుడే గూడూరు దాటుంటాడు. దొడ్డి పోతాది."

"పోనీ."

"దొడ్డి కోసమే గదా ఇంత ఏడుపు!"

"సీసం పూసి మద్రాసు పోతే, ఆ దొడ్లో నేనేమని కడ్డీ పట్టుకోవాల? నీ అన్న నా చేతికి పెట్టిన పేరు నిజమైపోతాది. తిప్పు."

ఇసకపల్లిలో అప్పటికే చారు నల్లబడింది. మాలకొండమ్మ కోడలికి వాంతులు. బండి కనబడగానే ఊరు ఊరంతా వచ్చి చుట్టుకున్నది. వెంకయ్య అనే ఉప్పుమళ్ళ మేస్త్రీ ఎద్దుల ముక్కుతాళ్ళు పట్టుకుని, "బండి ఈడనే ఉంచి, నడిచి పోండి" అన్నాడు. సుల్తాన్‌బీ బండి దిగి, జరిగింది జరిగినట్టు చెప్పింది. కడ్డీ ఎవరిచ్చినారో, ఎవరు దాచిపెట్టినారో కూడా దాచలేదు. అల్లాబక్షు చెవులు రెండూ ఎర్రబడినాయి.

"కథలు చెప్పొద్దు" అన్నది మాలకొండమ్మ. "మళ్ళీ పూయి. పూసినాక అందులో చారు కాస్తా. మొదట నువ్వు తాగాల. మా ముందర."

"కాయి."

గిన్నెలన్నీ సుల్తాన్‌బీ గీకి, పూసింది. మాలకొండమ్మ తన చారుచట్టిలో చింతపండు బాగా దట్టించి చారు కాసింది. కారం కూడా కసికొద్దీ వేసింది. సుల్తాన్‌బీ గిన్నెడు చారు నిలబడి తాగింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే, "ఉప్పు తక్కువయింది, మాలకొండమ్మా. ఉప్పు మళ్ళలో ఉండి గూడా" అన్నది. ఒకరిద్దరు నవ్వబోయి ఆపుకున్నారు. సాయంత్రం దాకా ఆమెను బావి గట్టు మీద కూర్చోబెట్టి, ఏమవుతుందో చూస్తూ ఉన్నారు. ఏమీ కాలేదు. వెంకయ్య ముక్కుతాళ్ళు వదిలినాడు. వచ్చే ఏడు రమ్మని ఎవరూ అనలేదు. రావద్దని కూడా అనలేదు. ఆ ఊళ్ళో అది తక్కువేమీ కాదు.

ఇక ఆగకుండా మనుబోలు, గూడూరు, నాయుడుపేట. దొరవారిసత్రం దగ్గర ఎద్దులకు నీళ్ళు పెట్టడానికి ఒక పూట. ప్రతి ఊళ్ళోనూ పీర్ సాహెబ్ బండ్లు ముందే పోయినట్టు ఆనవాళ్ళు. బూడిద గుంటలు, మూసిన తలుపులు, "సీసం సాయిబమ్మ" అని పిలకాయల కేకలు. తడ దాటినాక ఆ కేకలు అరవంలోకి మారినాయి. అర్థం కాకపోవడం ఒక రకంగా హాయిగా ఉండింది.

మద్రాసు వాళ్ళను ఏటా తిట్టేది. ఈసారి కొంచెం ఎక్కువగా తిట్టింది. లారీలవాళ్ళు హారన్లు కొట్టి ఎద్దులను బెదరగొట్టినారు. ప్రతి మలుపులోనూ పక్కకు తప్పుకోమని "ఓరం పో, ఓరం పో" అని అరుపులు. ఒక పోలీసువాడు బండి కర్ర మీద లాఠీతో కొట్టి వేరే వీధిలోకి తరిమినాడు. మింటు వీధి చేరేసరికి ఎద్దుల నోళ్ళ వెంట నురగ కారుతున్నది.

ఆదెన్నశెట్టి దొడ్లో నాలుగు బండ్లూ విప్పి ఉన్నాయి. గోడ పొడుగునా గుండిగలు కొండల్లాగా పేర్చి ఉన్నాయి. మధ్యలో పీర్ సాహెబ్ కొలిమి పొగ పెడుతున్నది. వీళ్ళను చూసి ఆయన లేవలేదు.

"రండి, రండి. పెళ్ళాం కొంగు పట్టుకోని వచ్చినాడమ్మా తిత్తి సాయిబు!"

తక్కిన బండ్లవాళ్ళు పగలబడి నవ్వినారు. శెట్టి మెట్ల మీద నిలబడి, ఆమె లోపలికి అడుగు పెట్టకముందే చెయ్యి అడ్డం పెట్టినాడు.

"ఆడనే ఆగమ్మా. ఇసకపల్లిలో మనుషులకు వాంతులయినాయంట గదా. దోవలో మా పాత్రలు మోసే బండ్లవాళ్ళే విన్నారు. ఇవి పెండ్లి భోజనాల పాత్రలు. సీసం చేతులు నా దొడ్లోకి రాకూడదు."

"వాంతులయిన మాట నిజమే" అన్నది సుల్తాన్‌బీ. "ఆ సీసం ఎవురిదో చూపించి పోతా. చూపించినాక పొమ్మంటే పోతా."

బండిలోంచి గుడ్డ చుట్టిన ఒక కడ్డీ తీసింది. మైపాడులో అన్నిటినీ పారేసినా ఒక్కటి దాచుకున్నది. నేరుగా పీర్ సాహెబ్ కొలిమి దగ్గరికి పోయి, ఆయన పక్కనున్న కడ్డీ మీద చెయ్యి వేసింది.

"ముట్టుకోవద్దు!" పీర్ సాహెబ్ లేచి నిలబడినాడు. "పెద్ద చేతి కడ్డీని వంచుతావా? అయిదిళ్ళలో ఇంతవరకూ ఒకరు వంచలేదు!"

"అందుకే నువ్వు ఇంతకు తెగించినావు" అన్నది ఆమె. బావగారిని 'నువ్వు' అనడం అదే మొదటిసారి.

ఆ కడ్డీని శెట్టి చెవి దగ్గర పెట్టి వంచింది. కిర్రుమన్నది. శెట్టి ఉలిక్కిపడి చెవి తీసుకున్నాడు. తర్వాత తన కడ్డీ పెట్టి వంచింది. శెట్టి చాలాసేపు తల వంచుకుని విన్నాడు. ఏమీ లేదు.

"రెండూ ఒకే రోజు, ఒకే చెయ్యి పోసినవి. తనకు పలికేది. నాకు మూగది."

"అబద్ధం!" అన్నాడు పీర్ సాహెబ్. "ఆ కడ్డీ నేను పోసింది కాదు. యాడనో కొని తెచ్చి నా నెత్తిన రుద్దతా ఉండాది. శెట్టిగారూ, ఆమె మొగుణ్ణే అడగండి. వాడు తిత్తి ఊదేవాడైనా నా రక్తం. నా మీద అబద్ధం చెప్పడు."

మళ్ళీ నవ్వులు. ఈసారి పీర్ సాహెబ్ కూడా నవ్వినాడు. శెట్టి అల్లాబక్షు వైపు తిరిగినాడు. సుల్తాన్‌బీ తిరగలేదు. ఆ నోటి నుంచి తనకు మేలు వచ్చేది లేదని ఆమెకు తెలుసు. ఒక్క మాట 'తెలీదు' అంటే చాలు, అయిదేళ్ళ పని, కాలి కడియాలు, ఇసకపల్లి చారు, అన్నీ ఈ దొడ్డి మట్టిలో కలిసిపోతాయి.

అల్లాబక్షు నవ్వుతున్న బండ్లవాళ్ళను ఒక్కొక్కణ్ణే చూసినాడు. చివరికి అన్నను చూసినాడు.

"అన్న పోసిందే" అన్నాడు. "ఇంట్లో నేను వంచి చూసినా. పలకలేదు."

నవ్వులు ఆగిపోయినాయి.

"ఏమన్నావురా?" అన్నాడు పీర్ సాహెబ్.

"నీకు చెవుడు లేదు గదా. ఇంకోసారి తిత్తి సాయిబు అను, మళ్ళీ చెబుతా."

సుల్తాన్‌బీ పక్కకు తిరిగి, "ఈ మాట ఇంట్లోనే చెప్పుంటే..." అన్నది.

"నీ కోసం చెప్పలేదులే" అన్నాడతను.

శెట్టి వ్యాపారం తెలిసిన మనిషి. ఎవరికీ ఓదార్పు చెప్పలేదు. "తమ్ముడికే సీసం ఇచ్చినవాడు నాకు ఏమిస్తాడు? పీర్ సాహెబ్, నీ బండ్లు కట్టుకో" అన్నాడు. తర్వాత ఆమెతో, "నిన్ను గూడా ఊరికే నమ్మను. నువ్వు పూసిన ప్రతి గుండిగలోనూ మొదటి చారు నువ్వే తాగాల" అన్నాడు.

"అలవాటయిపోయింది లెండి" అన్నది ఆమె.

పీర్ సాహెబ్ బండ్లు కడుతూ ఉమ్మి వేసినాడు.

"బక్రీదు ముందు రోజు కడ్డీలు పోస్తా. నీ బండికి ఒక్కటి గూడా రాదు. కడ్డీ లేని కళాయి ఎట్లా పూస్తావో చూస్తా."

"నాకు పొయ్యొద్దు" అన్నది సుల్తాన్‌బీ. "నా తగరం నేను తెస్తా. నీ ఇసుక పక్కనే నా ఇసుక తడుపుతా. నా కడ్డీ నేనే పోసుకుంటా. అయిదిళ్ళవాళ్ళూ వచ్చి వంచి చూడొచ్చు. నీ కడ్డీని గూడా వంచి చూడమని వాళ్ళకు చెబుతా."

"ఆ రోజు నువ్వు ఆ గుంట దగ్గర అడుగు పెడితే అప్పుడు మాట్లాడు."

అల్లాబక్షు దొడ్లో ఉండలేదు. ఊళ్ళో జనం నవ్వింది చాలు, పట్నంలో కూడా తిత్తి ఊదలేనని చెప్పి, మర్నాడే ఎద్దులను కట్టినాడు. పోయేముందు, "రైలు ఎక్కి వస్తావా, నడిచొస్తావా నీ ఇష్టం. నేను మళ్ళీ రాను" అన్నాడు. "నిన్ను ఎవరు రమ్మన్నారు?" అన్నది ఆమె. ఇద్దరూ చెప్పుకున్న వీడ్కోలు అంతే. దొడ్లో పాత్రలు తోమే రెబెక్కమ్మ తిత్తి అందుకున్నది. ఆమె ఊదుడు అల్లాబక్షు ఊదుడు కంటె బాగుందని సుల్తాన్‌బీ, బండి వీధి మలుపు తిరగకముందే, వినబడేలా అన్నది.

ఇప్పుడు బిట్రగుంటలో సంగతి ఇట్లా ఉంది. పీర్ సాహెబ్ నాలుగు బండ్లతో ముందే చేరినాడు. ఆమె రాదని, వచ్చినా గుంట దగ్గరికి రానివ్వనని, స్టేషన్ టీ అంగడి దగ్గర కూడా చెబుతున్నాడు. అయిదిళ్ళలో మూడిళ్ళవాళ్ళు తమ కడ్డీలు చాటుగా చెవి దగ్గర పెట్టుకున్నారని వినికిడి. అవి పలికినాయో లేదో ఎవరూ బయటికి చెప్పరు.

అల్లాబక్షు ఎవరితోనూ మాట్లాడడు. ఆమె మాట ఎత్తితే, "రాకపోతే పీడా పోయె" అంటాడు. అయితే మొన్న వాగులో నుంచి రెండు తట్టల సన్న ఇసుక మోసుకొచ్చి, గుంట పక్కన, అన్న ఇసుకకు మూరెడు దూరంలో పోసినాడు. ఎందుకని అడిగితే, ఎద్దుల కింద పరచడానికన్నాడు. ఎద్దులను కట్టేది ఇంటి వెనక. ఇసుక పోసింది ఇంటి ముందు. పీర్ సాహెబ్ దాన్ని కాలితో చెదరగొడితే, మర్నాడు పొద్దున మళ్ళీ కుప్ప చేసి ఉన్నది.

శెట్టి దొడ్డిలో పని ఈ వారంతో ముగుస్తుందని, ఆమె తగరం దిమ్మ కొనుక్కున్నదని, వంచి చూసే కొన్నదని, మద్రాసు నుంచి వచ్చిన మన రైలువాళ్ళు చెప్పినారు. బక్రీదు మంగళవారం. కడ్డీలు పోసేది ముందు రోజు. సుల్తాన్‌బీ రావలసింది 1962 మే 14, సోమవారం.